మా పార్కులోకి ఊరగాయ ఆట వచ్చినప్పుడు

మునిసిపల్ ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు ఎప్పుడన్నా మా ఇంటికొస్తే ఒక మాట అడుగుతారు. ఇన్నేండ్ల సర్వీసులో మీకు బాగా కష్టమనిపించిన పని ఏది మేడం అని. నీళ్ళు లేని ఎండాకాలాల్లో ట్యాంకర్ల కోసం కొట్లాడి మొక్కలు బతికించిన కథ చెప్తానని ఎదురుచూస్తారు. అనంతపురంలో పార్కుల సూపర్‌వైజరుగా పనిచేసినామెకు అంతకంటే కష్టం ఏముంటుందని వాళ్ళ లెక్క. అదీ కష్టమే, కాదనను. కానీ మొక్కకు దప్పికైతే ఆకు వాలుస్తుంది, నీళ్ళు పోస్తే లేచి నిలబడుతుంది. అంతటితో అయిపోతుంది. మనుషులకు ఏం కావాలో అంత సులభంగా తెలియదు. రిటైరయ్యే ముందు రెండు సిమెంటు కోర్టుల దగ్గర నేను పడిన అవస్థ ఈ పొద్దు చెప్తాను. మీకూ ఇట్లాంటిది ఎప్పుడో ఒకప్పుడు ఎదురుకాకపోదు. ఆట పేరు వేరే ఉండొచ్చు, అంతే.

మాది కంబదూరు పక్కన పల్లె. నాయన మునిసిపాలిటీలో తోటపని చేస్తానే చనిపోయినాడు, ఆ ఉద్యోగం నాకిచ్చినారు. పాదులు తీసే పని నుంచి మొదలుపెట్టి సూపర్‌వైజరు దాకా వచ్చినాను. ఆటల సంగతి నాకు ఏమీ తెలియదు. పార్కులో టెన్నిస్ కోర్టులంటే నా వరకు ఒకటే పని, వాటిమీద రాలిన కానుగాకు పొద్దున్నే ఊడ్పించడం.

ఆ కోర్టులకు ఒక పెద్దాయన ఉండేవాడు. కాలేజీలో ఆటలు నేర్పించి రిటైరైన సారు. ఊర్లో ఏ ఆఫీసుకు పోయినా ఆయన దగ్గర చదువుకున్నోడు ఒకడు కుర్చీలోంచి లేచి నిలబడతాడు. ఒకప్పుడు అది ఉత్త మట్టి కోర్టంట. ఆయనే ఆఫీసుల చుట్టూ తిరిగి సిమెంటు వేయించినాడు, కంచె కట్టించినాడు, రెండో కోర్టు సాధించినాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు. పొద్దున్నే ఆరుకు ముందే వచ్చి, ఏడున్నరకు ఎండ చురుక్కుమనేలోగా ఆట ముగించుకొని పోయేవాడు. ఆయనతోపాటు బ్యాంకులో, కరెంటాఫీసులో చేసి రిటైరైన పెద్దమనుషులు ఓ పది పన్నెండు మంది. నాతో ఎప్పుడూ మర్యాదగానే ఉండేవాళ్ళు. కోర్టు మాత్రం వాళ్ళదే అన్నట్టు ఉండేవాళ్ళు. నేనూ అట్లే అనుకునేదాన్ని.

ఒక సాయంత్రం నేను మొక్కల మడుల దగ్గరుంటే వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చినాడు. ఆయన ఊరు తనకల్లు, ఏ సంగతైనా కొంచెం పెంచి చెప్పే మనిషి.

"మేడం, ఎవురో ఆడోళ్ళు కోర్టులోకొచ్చినారు. ఏదో ఊరగాయ ఆట అంట, ఆడతాండారు."

పోయి చూస్తే నలుగురు ఆడవాళ్ళు. ముందరున్నామె ధర్మవరం మనిషి, మగ్గాల ఇంటి నుంచి వచ్చి మా ఊర్లో పట్టుచీరల అంగడి నడుపుతుంది. బెంగుళూరులో వాళ్ళ అన్న ఉండే అపార్టుమెంటులో ఈ ఆట చూసి నేర్చుకొని, బ్యాట్లు కొనుక్కొని, అంగడి సంచీలోనే పెట్టుకొని తెచ్చింది. ఆట పేరు పికిల్‌బాల్ అని చెప్పింది. పికిల్ అంటే ఊరగాయ కదా, వాచ్‌మన్ పెట్టిన పేరులో తప్పేమీ లేదు. అట్టముక్క లాంటి బ్యాటు, ఒళ్ళంతా తూట్లున్న ప్లాస్టిక్ బంతి, షటిల్ కోర్టంత జాగా. పెద్దగా పరిగెత్తే పని లేదు. మోకాళ్ళ నొప్పులున్నోళ్ళు కూడా ఒక పూటలో నేర్చుకొని నవ్వుతా ఆడొచ్చు. ఆ నవ్వే ముందుముందు నాకు తలనొప్పి అవుతుందని ఆ రోజు తెలియలేదు. ఆడుకోనీలే అని వచ్చేసినాను.

పండగ వెళ్ళి పండగ వచ్చేలోగా నలుగురు ముప్పై మంది అయినారు. ఆస్పత్రి నర్సులు, టీచర్లు, చర్చి నుంచి నేరుగా వచ్చే అమ్మలు, అంగళ్ళవాళ్ళు. కొందరు మగవాళ్ళు కూడా కలిసినారు. సాయంత్రం మొదలైన ఆట పొద్దునకూ పాకింది. ఇంక మొదలైంది చూడండి.

మొదటి తగాదా వల దగ్గర. ఊరగాయ ఆటకు వల నడుమ రెండు మూడు వేళ్ళంత కిందికుండాల. చీరలంగడి అక్క ఆలోచించి, పాత పట్టుచీర అంచు ఒకటి చించి తెచ్చి, వలను నడుమ కిందికి లాగి కట్టింది. విప్పడం మరిచిపోయి ఇంటికి పోయింది. మరుసటి పొద్దున టెన్నిస్ సారు వచ్చి చూస్తే, తన వలకు జరీ అంచు. ఆయన దాన్ని విప్పి, పాము కుబుసం పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకొని నా గదికి తెచ్చి బల్లమీద పెట్టినాడు. నా వైపు చూడకుండా తిరిగి కోర్టుకు పోయినాడు. ఒక మాట తిట్టింటే బాగుండేది.

రెండో తగాదా గీతల దగ్గర. వాళ్ళ ఆటకు వేరే గీతలు కావాల. ఆడవాళ్ళకు గీతలు గీయడం ఎంతసేపు. డబ్బాతో ముగ్గుపిండి తెచ్చి నిమిషాల్లో తీరుగా గీసేవాళ్ళు. వంక పెట్టేదానికి లేకుండా ఉండేవి. పొద్దున టెన్నిసోళ్ళు వచ్చి చీపురు పట్టి చెరిపేవాళ్ళు. సాయంత్రం వీళ్ళు మళ్ళీ గీసేవాళ్ళు. కోర్టంటే ఇంటిముందర వాకిలి అనుకున్నారా అని సారు నన్ను అడిగినాడు. మేము గీసింది చెరిపేదానికి వాళ్ళెవరు అని అక్క అడిగింది. ఇద్దరికీ నేను కనుక్కుంటాను అని చెప్పినాను. మన ఆఫీసుల్లో ఆ మాట చాలా పనికొస్తుంది, కానీ ఎక్కువ రోజులు పనికిరాదు.

నేను చేసిన మొదటి తెలివైన పని, టైములు రాసి బోర్డు పెట్టించడం. పొద్దున టెన్నిస్, సాయంత్రం పికిల్‌బాల్. బోర్డు చూడడానికి చాలా బాగుండేది. కానీ నర్సుల డ్యూటీలు నా బోర్డును చూసి మారవు కదా. సాయంత్రం డ్యూటీ ఉన్నోళ్ళు పొద్దునే వచ్చినారు. ఆఫీసు వదిలి సాయంత్రమే రాగలిగే టెన్నిస్ కుర్రోళ్ళు నలుగురు, మేమేం పాపం చేసినామని నా మీదికొచ్చినారు. సరే అని ఇంకో బోర్డు రాయించి, ఒక కోర్టు వాళ్ళకు, ఒక కోర్టు వీళ్ళకు అన్నాను. ఒకే కోర్టుతో టెన్నిసోళ్ళు బెంచీ మీద వంతు కోసం కూర్చోవాల్సి వచ్చింది. పైగా పక్క కోర్టులో ప్లాస్టిక్ బంతి టకటకమని కొట్టుకుంటాంటే, సర్వీసు కోసం బంతి ఎగరేసిన సారుకు ధ్యాస నిలిచేది కాదు. ఆ టకటక మధ్యలో వీళ్ళ నవ్వులు. రెండు బోర్డులూ పీకించి, మొక్కల షెడ్డులో గోడకు ఆనించి పెట్టించినాను. రాయించేటప్పుడు ఎంత ధీమాగా ఉన్నానో తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం, ఆడేవాళ్ళ మధ్య నాకు తెలిసిన ముఖం కనిపించింది. నూలుచీర, కొంగు నడుముకు దోపుకొని, కాళ్ళకు గుడ్డ బూట్లు. టెన్నిస్ సారు భార్య. వాళ్ళ పెరటికి మల్లె అంట్లు ఇచ్చేదానికి ఒకటి రెండు సార్లు పోయినాను కాబట్టి గుర్తుపట్టినాను. ఇంట్లో చూసినప్పుడు గోడ పట్టుకొని లేచే మనిషి, ఇక్కడ వల దగ్గరికి చురుగ్గా వచ్చి, బంతిని అవతలోళ్ళకు అందకుండా మెల్లగా అట్ల తోసేసి నిలబడింది. ఆట అయిపోయినాక నన్ను చూసి పక్కకు పిలిచింది.

"సారుకు చెప్పొద్దమ్మా. నడకకు పోతాండానని చెప్పి వస్తాండా."

సారు ఆ వేళకు రిటైరైనోళ్ళ సంఘం గదిలో పేపర్లు చదువుకుంటా ఉంటాడు. ఆయన పొద్దున, ఆమె సాయంత్రం. ఇద్దరూ ఒకే కోర్టుకు వస్తాండారు, ఒకరికొకరు ఎదురుపడరు. చెప్పనులేమ్మా అన్నాను. చెప్పి నేను బాగుపడేది ఏముంది.

కానీ దాచిపెట్టడం అంత సులభం కాలేదు. సారు నా గదికొచ్చి కూర్చొని, పనీపాటా లేని ఆడోళ్ళు యాడనుంచో వచ్చి కోర్టు పాడుచేస్తాండారని, వాళ్ళ ఇండ్లల్లో మొగోళ్ళు చూసుకోరా అని అడిగినప్పుడు నేను ఎటు చూడాలో తెలియక మంచినీళ్ళు తాగేదాన్ని. ఆ నెలల్లో నేను తాగినన్ని నీళ్ళు ఎప్పుడూ తాగలేదు. వాచ్‌మన్‌కూ సంగతి తెలుసు. సారు గదిలోకి రాగానే ఆయన బయటికి పోయి ఎందుకో దగ్గుతా నిలబడేవాడు.

అట్ల ఉండగా ఒక పొద్దున, టెన్నిస్ ఆడే బ్యాంకు పెద్దాయన పరిగెత్తి బంతి అందుకోబోయి, సరిగా ఊడ్వని ముగ్గుపిండి మీద కాలు జారి పడినాడు. మణికట్టు బెణికి కట్టు కట్టించుకోవాల్సి వచ్చింది. ఇంక టెన్నిసోళ్ళు ఆగలేదు. సోమవారం అర్జీల రోజు అందరూ కలిసి కమిషనర్ దగ్గరికి పోయినారు. సంగతి తెలిసి చీరలంగడి అక్క మరో ఇరవై మందిని వెంటేసుకొని పోయింది. కమిషనర్ వయసులో చిన్నవాడు, కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చినాడు. రోడ్లు, నీళ్ళు, చెత్త అన్నీ వదిలేసి బంతులాట పంచాయితీ వినాల్సి వచ్చేసరికి విసిగిపోయినాడు. కోర్టులకు తాళం వేయండి, ఆదివారం నేనే వస్తాను, అప్పటికీ రాజీకి రాకపోతే కంచె తీయించి ఆ జాగా బండ్ల పార్కింగుకు ఇచ్చేద్దాం అన్నాడు. ఉత్త బెదిరింపు కాదు. పార్కు ముందర రోడ్డు మీద బండ్లు నిలిపేదానికి జాగా లేదని అంగళ్ళవాళ్ళు ఎప్పటినుంచో అడుగుతున్నారు.

తాళం నేనే వేసినాను. ఆ వారం గాలి ఎక్కువ. కోర్టులనిండా ఎర్రదుమ్ము, కానుగాకు. పొద్దున తెల్లబట్టలోళ్ళు, సాయంత్రం బ్యాట్లోళ్ళు కంచె బయట నడుస్తా లోపలికి చూసేవాళ్ళు. కష్టం వచ్చింది కదా, ఇప్పుడన్నా కలుస్తారు అనుకున్నాను. కలవలేదు. తప్పు వాళ్ళదని రాయండి మేడం అని వీళ్ళు, వీళ్ళదని రాయమ్మా అని వాళ్ళు వచ్చినారు. నిజం చెప్పాలంటే నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. పార్కింగే కానీలే, పీడా పోతుంది అని కూడా ఒక పూట అనుకున్నాను. మళ్ళీ ఆ నూలుచీరామె వల దగ్గర నిలబడిన తీరు గుర్తుకొచ్చి మనసు ఒప్పలేదు.

శనివారం ఆమే మడుల దగ్గరికొచ్చింది. రేపు మీటింగుకు వస్తానని చెప్పింది. సారు ఉంటాడు కదమ్మా అన్నాను.

"ఉండనీలే," అనేసి పోయింది.

ఆదివారం పొద్దున తాళం తీసి, మొదటి కోర్టులో ప్లాస్టిక్ కుర్చీలు వేయించినాను. వలకు ఇటుపక్క టెన్నిసోళ్ళు, అటుపక్క పికిల్‌బాలోళ్ళు తమంతట తాము వేరుపడి కూర్చున్నారు. కమిషనర్ నడుమ. సారు భార్య అటుపక్క వెనక వరసలో, ఎవరిదో భుజం చాటున కూర్చుంది. సారు చూడలేదు.

ముందు సారు మాట్లాడినాడు. బాగా మాట్లాడినాడు, అది ఒప్పుకోవాల. మట్టి కోర్టు రోజులు, సిమెంటు కోసం తిరిగిన తిరుగుడు, ఇక్కడ ఆడి పోలీసు ఉద్యోగాలకు, రైల్వే ఉద్యోగాలకు పోయిన పిల్లలు, అన్నీ చెప్పినాడు. అటుపక్కోళ్ళు కూడా తలలు దించుకున్నారు. చీరలంగడి అక్క లేచి, మీరు కట్టించినారు కాబట్టే మేము ఆడుకుంటున్నాము సార్, కాదనలేదు, మాకు కొంచెం జాగా చూపించండి అని మెత్తగానే అడిగింది. అప్పుడే సారు ఒక మాట జారినాడు. ఈ కోర్టు అంటే ఏందో తెలియనోళ్ళకు దీని విలువ ఏం తెలుస్తుంది అన్నాడు.

వెనక వరసలో కుర్చీ జరిగిన చప్పుడైంది.

"నాకు తెలుసు," అనింది ఆమె.

సారు తిరిగి చూసినాడు. కొంచెంసేపు ఆయనకు ఎవరో తెలియనట్టే చూసినాడు.

"నువ్వు ఈడికెందుకొచ్చినావు?"

"ఆడేదానికి. ఉగాది కాడ్నుంచి ఆడతాండా."

కమిషనర్ ఏదో అనబోయి నా వైపు చూసినాడు. వద్దని తల ఊపినాను. ఆమె గొంతు పెంచలేదు, వంటింట్లో మాట్లాడుకున్నట్టే మాట్లాడింది.

"పెండ్లయిన కాడ్నుంచి ఈ కోర్టు మన్ను ఒంటినిండా పూసుకోని ఇంటికొస్తాండావు. ఆ తెల్లబట్టలు ఉతికేది నేనే కదా. మట్టి కోర్టప్పుడు నీళ్ళు ఎర్రగా వచ్చేవి, సిమెంటు ఏసినాక బూడిద రంగులో వస్తాండాయి. నువ్వు యాడ పడినావో, ఏ మోకాలు రాసుకునిందో బట్టలు చూసి చెప్పేదాన్ని. ఈ కోర్టు సంగతి నాకు తెలీదంటే ఎట్ల? ఒక్కనాడన్నా, నువ్వూ రా, ఒక ఆట ఆడుదువు అన్నావా?"

సారు అన్నాడు. "నువ్వు ఎప్పుడూ అడగలేదు కదా."

"నువ్వు ఎవుర్ని అడిగి మొదులుపెట్టినావు?"

ఆ మాటకు టెన్నిస్ వైపు నుంచే ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆమె కమిషనర్ వైపు తిరిగి, మేము అడిగేది పెద్దదేం కాదు సార్, మాకూ నాలుగు గీతలు గీయించండి, చీపురు పెడితే పోనట్ల, అని కూర్చుంది.

సారు అట్లే నిలబడినాడు. ఆయన కోపంతో వెళ్ళిపోతాడని అనుకున్నాను. పోతే ఆ రోజు మొత్తం చెడిపోయేది, ఇంట్లో కూడా ఏమయ్యేదో. ఆయన కోర్టు వైపు చూసినాడు, రెండో కోర్టు వైపు చూసినాడు, నా వైపు తిరిగినాడు.

"గీతలు పసుపు వద్దమ్మా. టెన్నిస్ బంతిదీ అదే రంగు, కండ్లకు కనపడదు. లేతనీలం వేయించు. మా తెల్ల గీతలతో కలవదు."

అంతే. రాజీ అనే మాట ఆయనా వాడలేదు, ఎవరమూ వాడలేదు. కమిషనర్ టక్కున లేచి, నీలం రంగు ఆఫీసు తరఫున తెప్పిస్తానని చెప్పి, మళ్ళీ ఏ మాట వస్తుందోనని బయలుదేరినాడు. తెలివైనవాడు.

తర్వాత సంగతులు తొందరగా జరిగినాయి. మొదటి కోర్టు ఎప్పుడూ టెన్నిస్‌కే. రెండో కోర్టులో నడుమ టెన్నిస్ వల అట్లే ఉండి, దానికి చెరో పక్క ఒక్కో చిన్న కోర్టు, వాటికి మడిచి తీసేసే వలలు. అది ఖాళీగా ఉంటే ఎవరైనా ఆడొచ్చు, ఇద్దరూ ఒకేసారి వస్తే ఒక ఆట వాళ్ళు, ఒక ఆట వీళ్ళు. కొలతలు వేసేదానికి సారే టేపు పట్టుకొని వచ్చినాడు. చీరలంగడి అక్క మగ్గం నూలు తెచ్చింది, గీత వంకర పోకుండా లాగి పట్టేదానికి. దారం బిగువు చాలలేదని ఆయన, టేపు వంకర పట్టుకున్నారని ఆమె, ఇద్దరూ ఒక పూటంతా వాదించుకున్నారు. వాచ్‌మన్ ఇద్దరికీ టీలు మోసినాడు. గీతలు మాత్రం చక్కగా వచ్చినాయి.

అందరూ సంతోషించినారని చెప్పను. మణికట్టు బెణికిన బ్యాంకు పెద్దాయన మళ్ళీ మా పార్కుకు రాలేదు. ఇంకో మైదానానికి పోతున్నాడని విన్నాను. పార్కు ఎదురింటాయన ఆ టకటక పడలేక ఇప్పటికీ ఆఫీసుకు ఫోన్ చేస్తాడంట. నా కుర్చీలో కూర్చున్న అమ్మాయి ఆ ఫోన్లు ఎత్తుతుంది. కనుక్కుంటానని చెప్తుందేమో, నేను అడగలేదు.

మీకు చెప్పేది ఒకటే. బోర్డు రాయించడం సులభం, పెయింటరు సాయంత్రానికి రాసిస్తాడు. దానికంటే ముందు పోయి ఆ బెంచీ మీద ఒక పూట కూర్చోండి. ఎవరు ఆడుతున్నారో చూడండి, ఎవరు కంచె బయట నడుస్తున్నారో అది కూడా చూడండి. నేను టైమును పంచినాను, జాగాను పంచినాను. వచ్చినవాళ్ళు ఇన్నేండ్లు ఎందుకు రాలేదని మాత్రం ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నేనూ ఆడదాన్నే, ఆ కోర్టు ఊడ్పిస్తా ఇన్నేండ్లు గడిపినదాన్నే, అయినా తట్టలేదు.

గీతలు ఆరినాక మొదటి పొద్దున నేను కావాలనే తొందరగా పోయినాను. ఇంకా ఎండ రాలేదు. గేటు దగ్గర సారు స్కూటరు ఆగింది. వెనక ఆమె దిగింది. సాయంత్రం దాకా ఆగకుండా పొద్దునే వచ్చేసింది. ఇద్దరూ లోపలికొచ్చి, ఆయన మొదటి కోర్టుకు, ఆమె రెండో కోర్టుకు పోయినారు. ఆట మొదలైంది. సారు ఆ పొద్దున వరసగా పాయింట్లు పోగొట్టుకున్నాడు. సర్వీసు కోసం బంతి చేతికి తీసుకున్న ప్రతిసారీ ఆయన చూపు తెల్ల గీత దాటి పక్క కోర్టుకు పోయేది. ఎదురు ఆడేవాళ్ళు రాకెట్ దించి ఆగేవాళ్ళు.

ఆమె ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు. అవతలోళ్ళు కొట్టబోతున్నారు, ఆమె కండ్లు బంతి మీదే ఉండినాయి.